చీలిక బాన

మ్యూజియం వెనకగది
సోమవారం, సెలవు రోజు

బుడ్డీ,

నలభై దాటాక కూడా ఈ పేరేంటని విసుక్కుంటావని తెలుసు. నీ అసలు పేరు రాసి చూశాను. ఎవరికో దరఖాస్తు పెట్టుకుంటున్నట్టు అనిపించి కొట్టేశాను. ఫోను చేస్తే “బాగానే ఉన్నా పిన్నీ, పనిలో ఉన్నా” అని పెట్టేస్తావు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. ఉత్తరాన్ని మధ్యలో పెట్టేయలేవు కదా.

మీ అమ్మ పోయాక ఈ మ్యూజియంలో ఆవిడ బానలకు ఒక విభాగం తెరిచారు కదా, అప్పటినుంచీ నా పని ఇదే. రోజుకు మూడుసార్లు కింది హాల్లో చిన్న వేదిక మీద కూర్చుని, అక్క బానలు ఎలా చేసేదో వచ్చినవాళ్లకు చేసి చూపించాలి. మెడ దగ్గర మైకు తగిలిస్తారు. ఆవిడ చక్రం ముట్టేది కాదని చెబుతాను. పాతకాలపు ఆడవాళ్లు గింజలు దాచుకునే బానలు చేసుకున్నట్టే, మట్టిని తాళ్లలా పేని చుట్టలు చుట్టలుగా పేర్చేదని చెబుతాను. ఎడమ చేత్తో లోపల గుండ్రటి రాయి ఆనించి, కుడి చేత్తో బయట చెక్కతో కొడుతూ గోడ ఎలా గట్టిపడుతుందో చూపిస్తాను. ఆ పాత పద్ధతితోనే ఎవరూ ఊహించని ఆకారాలు తీసింది, అందుకే ఆధునిక కళ గురించిన పుస్తకాల్లో ఆవిడ ఫోటో ఉంటుంది అని చివర్లో చెప్పాలి. చప్పట్లు కొడతారు. సాయంత్రం ఆ కుండను నేనే నలిపేసి, తడిగుడ్డ కప్పి, మర్నాటికి మళ్లీ మట్టి చేస్తాను. చేరినప్పటినుంచీ ఒకే కుండ చేస్తున్నానన్నమాట. ఇంతవరకు పూర్తి కాలేదు.

అసలు సంగతికి వస్తాను. క్యూరేటర్ గారు మంచావిడ. నాకంటే చిన్నది, నాకంటే ఎక్కువ అలిసిపోయి ఉంటుంది. మొన్న నా పక్కన బల్ల మీద కూర్చుని, “జనం తగ్గిపోతున్నారమ్మా. వచ్చేవాళ్లు పైన చీలిక బానల కోసం వస్తున్నారు, కింద మీరు మామూలు కుండ చేస్తున్నారు. చీలిక బాన ఒకటి చేసి చూపించగలరా?” అని అడిగింది. చేస్తానని తలూపాను.

నీకు గుర్తుండే ఉంటాయి అవి. మనిషి ఛాతీ ఎత్తు, ఇరుకు మూతి, భుజం నుంచి అడుగు దాకా నిలువునా ఒక కోత. ఆ కోత గురించి ఎంతమంది ఎన్ని పేజీలు రాశారో. కోత సంగతి తర్వాత, నాకు గోడే నిలబడటం లేదు. అంత లోతు బానలో చెయ్యి సగం దాకానే అందుతుంది. లోపల రాయి అడ్డం లేకుండా బయట కొడితే సొట్టపోతుంది. కొట్టకుండా వదిలేస్తే ఆరేటప్పుడు నెర్రెలిస్తుంది. చేసినవన్నీ కూలిపోయాయి.

అవి చేసిన రోజుల్లో నేను మీ బాబాయితో మిల్లు క్వార్టర్స్‌లో ఉన్నాను. నువ్వు ఇంట్లోనే ఉన్నావు. చెయ్యి అందని చోట మీ అమ్మ రాయి ఎలా పట్టుకునేది? చూసి ఉంటే రాయి.

మీ పిన్ని


పళ్ల ల్యాబు, మేడ మీది గది
గురువారం

పిన్నీ,

ఉత్తరం అందింది. నాకు తెలియదు. అప్పుడు నేను స్కూలుకు వెళ్లే పిల్లని. అమ్మ పనిగదిలో ఏం చేసేదో నేను పట్టించుకోలేదు.

ఇక్కడ పని ఎప్పటిలాగే ఉంది. డాక్టర్లు అచ్చులు పంపిస్తారు, నేను పింగాణీ పొడి నీళ్లతో కలిపి కుంచెతో పన్ను కడతాను, చిన్న కొలిమిలో కాలుస్తాను. పక్క పళ్ల రంగుతో కలవాలి, అదొక్కటే కష్టం. జనం పళ్లు ఒక్కళ్లవీ తెల్లగా ఉండవని ఈ పనిలోకి వచ్చాకే తెలిసింది. సాయంత్రానికి కళ్లు మండుతాయి. నేను చేసిన పన్ను ఇది అని ఎవరూ కనిపెట్టలేకపోతే పని బాగా చేసినట్టు లెక్క. నాకు ఆ సంగతి నచ్చుతుంది.

నీ ఆరోగ్యం గురించి ఒక్క ముక్క రాయలేదు. “ఒంట్లో బాగుంది” అని కూడా రాయలేదంటే బాగాలేదని అర్థం.

ఆ బానలు వదిలెయ్యి పిన్నీ. చేతకాదని చెప్పు. ఎవరూ ఏమనరు.

నీ కూతురులాంటిది


మ్యూజియం వెనకగది
సోమవారం

బుడ్డీ,

చేతకాదని చెప్పేలోపే అందరూ చూశారు. పోయినవారం జనం ముందే కూలింది. భుజం దాకా తెచ్చాను, అప్పుడు ఒక పక్క మెల్లగా, నిద్రొచ్చిన మనిషి తల వాల్చినట్టు వాలిపోయింది. ముందు వరసలో ఒకాయన బూట్ల మీద మట్టి పడింది. ఆయన తుడుచుకుంటూ కూర్చున్నాడు. వెనక ఎవరో చప్పట్లు కొట్టారు, అది కూడా ప్రదర్శనలో భాగమనుకుని.

తర్వాత క్యూరేటర్ గారు నన్ను పక్కకు పిలిచి, “మీ మీద ఒత్తిడి పెట్టను. కుదరకపోతే ఇక్కడ ఒక సినిమా తీసి పెట్టేద్దామంటున్నారు పైవాళ్లు. తెర మీద అదే తిరుగుతూ ఉంటుంది, మనిషి అక్కర్లేదు” అంది. చెప్పడానికి ఆవిడకే మొహం చెల్లలేదు. సినిమా వస్తే నేను ఎక్కడికి పోతానో ఆవిడ అడగలేదు, నేనూ చెప్పలేదు.

నా ఆరోగ్యం అడిగావు. ఎడమ భుజం పైకి లేవడం లేదు. జుట్టు దువ్వుకోవడానికి తల వంచి దువ్వెన దగ్గరికి తీసుకెళుతున్నాను. చాలా?

ఇంకో సంగతి. తాళాలు తీయించుకుని పైకి వెళ్లాను. చీలికలోంచి టార్చి వేసి లోపలి గోడ చూశాను. ఇన్నాళ్లూ నేనెందుకు చూడలేదో తెలియదు. అందరూ కోత బయటి అంచులే చూస్తారు, నేనూ అంతే. గోడ పొడుగునా, మూతి దాకా వేళ్ల గుర్తులున్నాయి. నా చిటికెన వేలు పెట్టి చూశాను. నా చిటికెన వేలు కంటే సన్నవి.

మీ అమ్మ చేతులు నాకు తెలియనివా? నా చేతులు రెండు కలిపితే ఆవిడ చెయ్యి ఒకటి.

నేనేమీ అడగను. నీకు రాయాలనిపిస్తే రాయి. లేకపోతే పళ్ల గురించే రాయి, చదువుకుంటాను.

పిన్ని


మేడ మీది గది
ఆదివారం

పిన్నీ,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. జేబులో పెట్టుకుని తిరిగాను. మొన్న ఒకావిడ ముందు పన్ను కట్టి పంపించాక, ఇంకేదీ చేయబుద్ధి కాలేదు. ఇప్పుడు రాస్తున్నాను. ఒక్కసారే రాస్తాను.

అవి నా వేళ్లే. బాన లోపల నేనుండేదాన్ని.

మొదటిది చేసినప్పుడు నేను మూడో తరగతి. అడుగూ నడుమూ కట్టి, కొంచెం బిగుసుకున్నాక అమ్మ నన్ను ఎత్తి లోపల దింపేది. నేను రాయి పట్టుకుని కూర్చునేదాన్ని. బయట ఆవిడ చుట్టలు పేర్చి చెక్కతో కొట్టేది, దెబ్బ ఎక్కడ పడితే నేను అక్కడ లోపలినుంచి రాయి ఆనించాలి. గోడ పెరుగుతుంటే నేను లేచి నిలబడేదాన్ని. సాయంత్రం చంకల కింద చేతులేసి పైకి లాగేది. నువ్వు అనుకుంటున్నంత భయంగా ఏమీ ఉండేది కాదు. చల్లగా ఉండేది. వాన వెలిసిన వాసన. అమ్మ బయట ఉన్నప్పుడు నేనున్న సంగతే మర్చిపోయేది, అన్నం తిన్నావా అని అడిగేది కూడా పక్కింటావిడే. లోపల ఉన్నప్పుడు మాత్రం మర్చిపోవడానికి వీల్లేదు. చెక్క దెబ్బకు రాయి జవాబు చెప్పాలి కదా. మేమిద్దరం మాట్లాడుకున్నది ఏదైనా ఉంటే అదే.

ఒకరోజు మబ్బు పట్టింది. ఆరదేమోనని తొందరపడి భుజం, మూతి ఒకే ఊపులో కట్టేసింది. కట్టాక నన్ను లాగబోతే రాలేదు. చేతులు పైకెత్తినా భుజాలు పట్టలేదు. నేను ఏడవడం మొదలుపెట్టాను. “కదలకు, గోడ పోతుంది” అంది. కదల్లేదు. ఎంతసేపున్నానో తెలియదు. ఆవిడ చుట్టూ తిరుగుతున్న అడుగుల చప్పుడు వినిపించేది. తర్వాత కత్తి మొన నా మొహం పక్కనుంచి దిగింది. పైనుంచి కింద దాకా కోసి, అంచులు మెల్లగా విడదీసింది. పక్కకు తిరిగి బయటికి వచ్చాను. ఒళ్లంతా మట్టి.

అమ్మ వెనక్కి నడిచింది. నన్ను చూడలేదు. బానను చూస్తోంది. నేను అక్కడే నిలబడి ఉన్నాను. చాలాసేపటికి, “లైటు వెయ్యి” అంది.

వెళ్లి లైటు వేశాను.

అంతే పిన్నీ. తర్వాతవన్నీ కావాలని కోసినవే. నేను పట్టనంత పెద్దయ్యేదాకా చేశాం. “ఎదిగిపోయావు” అంది ఒకరోజు, నేనేదో వస్తువు పగలగొట్టినట్టు. ఆ తర్వాత ఆవిడ మళ్లీ చీలిక బాన చేయలేదు. ఎందుకు మానేసిందా అని కూడా వ్యాసాలు వచ్చాయి.

ఎవరికీ చెప్పొద్దని నాతో ఎప్పుడూ అనలేదు. మొదటిసారి పత్రికవాళ్లు వచ్చినప్పుడు, ఆ కోత ఎందుకు అని అడిగారు. నేను టీ కప్పులు పట్టుకుని నిలబడ్డాను, ఇప్పుడు చెబుతుంది అని. అమ్మ నావైపు చూసి, మళ్లీ వాళ్లవైపు తిరిగి, “లోపలిది బయటికి రావాలి కదా” అంది. ఆయన చకచకా రాసుకున్నాడు. నేను కప్పులు పెట్టేసి వెళ్లిపోయాను.

కావాలంటే నువ్వు చెప్పుకో. దాచి దాచి నాకే విసుగొచ్చింది. నీ ఉద్యోగం నిలబడితే మంచిదే.


మ్యూజియం వెనకగది
సోమవారం

బుడ్డీ,

నీ ఉత్తరానికి జవాబు రాద్దామని ఎన్నిసార్లు కూర్చున్నానో. ఏం రాసినా పొడిపొడిగా ఉంది. చింపేశాను.

నువ్వు చెప్పమన్నావు కాబట్టి క్యూరేటర్ గారికి చెప్పాను. ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుంది. తర్వాత కొన్ని ప్రశ్నలు అడిగింది, మూతి ఎంత వెడల్పు, గోడ ఎంత మందం అని. ఏదో ఆలోచిస్తున్నారు. చూద్దాం.

సినిమా మాట ప్రస్తుతానికి ఆగింది. వెనకగదిలో నాకు కొత్త కుర్చీ వేశారు, చక్రాలున్నది. దాంట్లో కూర్చుని మట్టి పిసికితే కుర్చీ నన్ను గోడ దాకా తీసుకెళుతోంది. ఇటుకలు అడ్డం పెట్టుకున్నాను. ఇక్కడ చలి తగ్గింది. మట్టి చేతికి కొంచెం మెత్తగా వస్తోంది.

కళ్లు జాగ్రత్త. వేళకు తిను.

పిన్ని


పళ్ల ల్యాబు
శుక్రవారం

పిన్నీ,

ల్యాబులో పళ్లు చుట్టి పంపడానికి పాత పేపర్లు తెస్తారు. ఇవాళ ఒకటి విప్పితే మీ మ్యూజియం ప్రకటన. “మహా కళాకారిణి రహస్యం తొలిసారిగా మీ కళ్లముందు. బాన లోపల చిన్నారి.” పక్కన ఒక బొమ్మ, బానలోంచి తొంగి చూస్తూ నవ్వుతున్న పాప.

ఆ పాప ఎవరు?

కుర్చీకి చక్రాలున్నాయని రాయడానికి నీకు తీరిక దొరికింది. చెప్పుకోమన్నాను, నిజమే. చెప్పడం వేరు, చేయించడం వేరు అని నీకు నేను రాయాలా?

కోపంగా కూడా లేదు. కోపం రావాలన్నా కొంచెం ఓపిక కావాలి. ఆ పాప ఎవరో, ఎప్పుడు చేస్తున్నారో మాత్రం రాయి.


మ్యూజియం వెనకగది
మంగళవారం

బుడ్డీ,

నీకు కావాలనే రాయలేదు. రాస్తే నువ్వు వద్దంటావు, వద్దంటే నేను మానేయాలి, మానేస్తే సినిమా వస్తుంది. నా లెక్క అది. ఇప్పుడు జరిగింది జరిగినట్టు చెబుతాను, విను.

ఆ పాప టికెట్ కౌంటర్లో కూర్చునే ఆవిడ కూతురు. ఏడేళ్లుంటాయి. స్కూలు నుంచి వచ్చి రోజూ కౌంటరు కింద కూర్చుని బొమ్మలు వేసుకుంటుంది. క్యూరేటర్ గారు వాళ్లమ్మను అడిగితే ఒప్పుకుంది. అన్నీ జాగ్రత్తగానే ఏర్పాటు చేశారు. లోపల చిన్న పీట, వెలుతురుకు బ్యాటరీ లైటు, పక్కన వాళ్లమ్మ. జనం ముందు చేసే ముందు ఒకసారి చూసుకుందామని, సెలవు రోజున మొదలుపెట్టాం. ఫోటోలు తీసేవాడు కూడా వచ్చాడు. చివర్లో నేను చీలిక కోస్తే పాప బయటికి వచ్చేది ఫోటో తీయాలని.

పాప వసపిట్ట. లోపలికి దిగగానే, “చల్లగా ఉంది అమ్మమ్మా. మీరు కూడా రండి, అబ్బ, పట్టరుగా” అంటూ ఒకటే మాటలు. నేను కొడుతుంటే రాయి సరిగ్గా అక్కడే ఆనించేది. నిజం చెప్పకపోతే ఈ ఉత్తరం ఎందుకు? పని చాలా బాగా సాగింది. ఇన్ని నెలల తర్వాత గోడ నిలబడింది. చుట్ట మీద చుట్ట లేచింది, భుజం తిరిగింది, ఆ వంపు మీ అమ్మ వంపే. నా నొప్పి మర్చిపోయాను. ఇంకేదీ గుర్తులేదు. మీ అమ్మకు ఎలా ఉండేదో ఆ కాసేపు నాకు తెలిసింది.

మూతి దగ్గరికి వచ్చాక, పాప గొంతు వినపడటం లేదని తట్టింది. ఎప్పుడు ఆగిపోయిందో తెలియదు. రాయి మాత్రం జవాబిస్తూనే ఉంది.

“ఏమ్మా, మాట్లాడవేం?” అన్నాను.

కాసేపటికి లోపలినుంచి మెల్లగా, “మాట్లాడితే గోడ పోతుందేమోనని” అంది.

అలా అని దానికి ఎవరూ చెప్పలేదు బుడ్డీ. నేను చెప్పలేదు, వాళ్లమ్మ చెప్పలేదు. బయట మేమంతా గోడకేసి చూస్తున్న చూపు దానికి లోపలికే తెలిసిపోయిందేమో.

చెక్క కింద పెట్టేశాను. క్యూరేటర్ గారు, “ఇంకొక్క చుట్టే కదమ్మా, తర్వాత కోసేయొచ్చు” అంది. ఫోటోలవాడు ముందుకొచ్చాడు. కత్తి పక్కనే ఉంది. తీసుకోలేదు. మూతి అంచు రెండు చేతులతో పట్టుకుని గోడను కిందికి లాగేశాను. లేవదనుకున్న భుజం ఎలా లేచిందో మరి. పెళ్లలు పెళ్లలుగా ఊడి వచ్చింది. పాపను ఎత్తుకున్నాను.

ఏడుస్తుందనుకున్నాను. నామీద మండిపడింది. “అంత కష్టపడి పట్టుకుంటే పాడుచేశారేంటి?” అని. జుట్టునిండా మట్టి. వెనకగదిలోకి తీసుకెళ్లి, నీళ్లు వేడిచేసి తల కడిగాను. మట్టి ఒకంతట వదల్లేదు. కడిగినంతసేపూ తిడుతూనే ఉంది. “కళ్లల్లో పడుతోంది, మీకేమీ రాదు” అంటుంది. నిజమే తల్లీ అన్నాను. కళ్లు, చెవులు, మెడ అన్నీ చూసి, తుడిచి, వాళ్లమ్మకు అప్పగించాను. కూలిన బాన దగ్గరికి ఆ రోజు మళ్లీ వెళ్లలేదు. తర్వాత ఎవరో ఊడ్చేశారు.

సాయంత్రం క్యూరేటర్ గారు వచ్చి గుమ్మంలో కూర్చుంది. అరుస్తుందనుకున్నాను. “నేను కూడా గోడనే చూస్తున్నానమ్మా” అంది, అంతే. సినిమా వస్తుంది. నన్ను పూర్తిగా తీసేయలేదు. రోజుకు ఒక్కసారి, చిన్న కుండలు, ఎన్నాళ్లు చేయగలిగితే అన్నాళ్లు.

ఇదీ జరిగింది. నువ్వు ఏమన్నా పడతాను.

పిన్ని


మేడ మీది గది
ఆదివారం

పిన్నీ,

పాప తల కడిగానని రాసిన చోట ఆపేశాను. కాగితం మడిచి పెట్టి పనికి వెళ్లిపోయాను. మిగతాది రెండు రోజుల తర్వాత చదివాను. అమ్మ బాన కోసి నన్ను బయటికి తీసిన రోజు నా తల నేనే కడుక్కున్నాను, చన్నీళ్లతో. ఆ సంగతి నీకు రాయలేదు. ఇప్పటిదాకా నాకే గుర్తులేదు.

నిన్న మ్యూజియానికి వచ్చాను. నీకు చెప్పలేదు. చెబితే నువ్వు హడావిడి పడతావు. టికెట్ కొనుక్కున్నాను. కౌంటరు కింద ఒక జత చిన్న చెప్పులు, బొమ్మలేసిన కాగితాలు కనిపించాయి, పాప లేదు. హాల్లో స్తంభం వెనక నిలబడ్డాను. పది మంది ఉన్నారేమో. ఒకాయన కూర్చునే నిద్రపోతున్నాడు. నువ్వు కుండ కొడుతున్నావు. మైకు సరిగ్గా పనిచేయడం లేదు, సగం మాటలు వినపడలేదు. కుడిచెయ్యి బాగానే ఆడుతోంది. కుండలోపల పెట్టిన ఎడమచెయ్యి వణుకుతోంది. రాయి జారిపోతుంటే పొట్ట ఆనించి ఆపుతున్నావు. ఎవరూ గమనించలేదు.

అక్కడినుంచి పైకి వెళ్లాను. ఇన్నేళ్ల తర్వాత వాటిని చూడటం. ఎత్తుగా ఉంటాయనుకున్నాను. నా భుజం దాకా కూడా లేవు. మొదటి బాన కిటికీ పక్కన పెట్టారు. పక్కనే చెక్క మీద రాసింది చదివాను, శూన్యం తెరుచుకున్న తలుపు అని ఏదో ఉంది. దాన్ని మార్చమని చెప్పకు పిన్నీ. అలా రాసినా నేను అలిసిపోతాను, నిజం రాసినా అలిసిపోతాను.

చుట్టూ ఎవరూ లేరనుకుని చీలికలోంచి చెయ్యి లోపలికి పెట్టాను. మోచేతి దాకా వెళ్లింది. గోడ ఇంకా చల్లగానే ఉంది. వెతుకుతుంటే ఒక గుంట దొరికింది, బొటనవేలిది. నా వేలు అందులో పట్టలేదు. ఇంతలో వెనకనుంచి కాపలా అతను, “ముట్టుకోకూడదమ్మా” అన్నాడు. మర్యాదగానే అన్నాడు. చెయ్యి తీసేసి, “క్షమించండి, తెలియక” అన్నాను. ఇంకేం చెప్పాలి? అతను నా వేళ్లకేసి చూసి, దుమ్ము తుడుచుకోమని రుమాలు ఇచ్చాడు.

కిందికి వచ్చేసరికి వేదిక ఖాళీ అయింది. వెనకగది తలుపు తీసి ఉంది. నువ్వు చక్రాల కుర్చీలో నిద్రపోతున్నావు, మట్టి చేతులు ఒళ్లో పెట్టుకుని, నోరు కొంచెం తెరుచుకుని. లేపుదామనుకున్నాను. అంత అలసటగా నిద్రపోతున్న మనిషిని లేపి ఏం మాట్లాడతాను? మధ్యాహ్నం బండికి తిరిగి వచ్చేశాను.

శనివారాలు ల్యాబుకు సెలవు. వచ్చే శనివారం మళ్లీ వస్తాను, ఈసారి నిన్ను లేపుతాను. వేదిక మీద ఇంకో పీట వేయించు. నువ్వు బయటినుంచి కొట్టు. రాయి నేను పట్టుకుంటాను. ఇప్పుడు నువ్వు చేస్తున్న కుండలు చిన్నవే కాబట్టి పక్కన కూర్చునే పట్టుకోవచ్చు. నాకు అలవాటు పోయి ఉంటుంది, మొదట్లో సొట్టలు పడితే తిట్టకు. మైకులో నా పేరు చెప్పొద్దు, నేనెవరో చెప్పొద్దు. ఎవరైనా అడిగితే సాయానికి వచ్చిందని చెప్పు.

లోపల నా చెయ్యి ఉంటుంది. చెయ్యి మాత్రమే.

బుడ్డి